సొట్టపడిన ఇత్తడి చెంబును కాల్చి, మెత్తబరచి, సరిచేసుకోవడం ఎలా?

ఇత్తడి చెంబును ఎడమ చేతి వేళ్ల మీద నిలబెట్టి, కుడి చేతి గోటితో ఒకసారి మీటండి. ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు చెవిలో నిలిస్తే లోహం బాగా బిగుసుకుని ఉందన్నమాట. ఆ స్థితిలో సుత్తి దెబ్బ వేస్తే సొట్ట పైకి రాదు, దాని పక్కన చీలిక వస్తుంది. అదే చెంబును సరిగ్గా కాల్చి చల్లార్చాక మీటితే టప్పుమని మొద్దుగా పలుకుతుంది. అప్పుడిక బొటనవేళ్లతో నొక్కినా లొంగుతుంది.

నల్గొండ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు సొట్ట తీసే కంచరి దొరకడం కష్టం. అందుకే అమ్మమ్మల కాలం నాటి చెంబులు, బిందెలు తూకానికి పోతున్నాయి. పాత సామాన్ల దుకాణం ముందు గోనెసంచిలో నలిగిపడి ఉన్న బిందెలను చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. వాటిలో చాలావరకు ఒక్క సాయంత్రం పనితో మళ్లీ నిలబడేవే. నకిరేకల్ వైపు ఒక పెద్దాయన దగ్గర కూర్చుని నేను ఈ పని నేర్చుకున్నాను. ఆయన మొదటి రోజే ఒక మాట చెప్పాడు: “తక్కువ కాలితే మళ్లీ కాల్చుకోవచ్చు బిడ్డా, ఎక్కువ కాలితే నేను కూడా ఏమీ చేయలేను.” కింద చెప్పేదంతా ఆ మాటకు వివరణే.

ముందుగా, ఇత్తడి ఎందుకు బిగుసుకుంటుందో తెలుసుకోండి. రేకును కొట్టినా, వంచినా, సాగదీసినా లోపలి స్ఫటికాలు ఒకదానితో ఒకటి చిక్కుపడిపోతాయి. ఆ చిక్కు పెరిగేకొద్దీ లోహం గట్టిపడుతుంది, పెళుసుబారుతుంది. తగినంత వేడి తగిలితే చిక్కుపడిన స్ఫటికాల స్థానంలో కొత్తవి పుట్టుకొస్తాయి. లోహం మళ్లీ మెత్తబడుతుంది. ఇంగ్లిషులో ఎనీలింగ్ అనేది ఇదే. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే కళాకారులకూ, కర్మాగారంలో తుపాకీ తూటాల గొట్టాలు చేసేవారికీ ఈ పని తప్పదు.

తూటా గొట్టాల సంగతి ఇక్కడ ఊరికే ఎత్తలేదు. వాటికి వాడే ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింక్. మన చెంబుల రేకు కూడా రాగి ఎక్కువ, జింక్ తక్కువ ఉండే ఆ కుటుంబానిదే. బ్రిటిష్ పాలనలో మన దేశంలోని సైన్యం గిడ్డంగుల్లో ఒక వింత జరిగేది. వానకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ ఉంచిన తూటాల గొట్టాలు ఎవరూ ముట్టకుండానే చీలిపోయేవి. వానకాలంలో వచ్చే చీలిక కాబట్టి దానికి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పెట్టారు. కారణం స్పష్టంగా తేలింది 1921లో. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ, గొట్టాన్ని ఒత్తి చేసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిసి ఇత్తడిని చీల్చేవి. గొట్టాలను మితమైన వేడి మీద కాల్చి ఆ బిగువు తీసేస్తే చీలిక ఆగింది.

గుర్రపుశాల బదులు పశువుల కొట్టం అనుకోండి. మా ఇంట్లో ఒక చెంబు ఏళ్ల తరబడి కొట్టంలో దూలానికి వేలాడింది. ఒక వానకాలంలో దించి చూస్తే మెడ చుట్టూ వెంట్రుకంత సన్నని గీత. నీళ్లు పోస్తే ఆ గీత వెంట చెమటలా ఊరాయి. ఎవరో పడేశారని ఇంట్లో చాలాకాలం అనుకున్నారు. ఎవరూ పడేయలేదు. కింద పశువులు, పైన తేమ, మధ్యలో బిగువు తీయని ఇత్తడి.

ఇక పనిలోకి వద్దాం.

మొదట పాత్రను పరీక్షించండి. ఇది ఇత్తడేనా, కంచా? కంచు రాగి, తగరం కలిసిన లోహం. గంటలు, కంచు పళ్లేల్లో తగరం పాలు ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు సుత్తితో కొడితే అవి పగిలిపోతాయి. వాటి పద్ధతే వేరు, ఈ పద్ధతి వాటికి పనికిరాదు. పోత పోసిన దీపపు కుందులు కూడా వద్దు. పోత ఇత్తడిలో సీసం కలిసి ఉండవచ్చు, అలాంటిది వేడి మీద తేలిగ్గా చిట్లుతుంది. రేకును సాగదీసి చేసిన చెంబు, గిన్నె, బిందె, పళ్లెం ఈ పనికి తగినవి.

తర్వాత పాత్ర లోపల చూడండి. వెండిలా తెల్లగా పూత ఉంటే అది కళాయి, అంటే తగరం. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఎర్రగా కాల్చినప్పుడు అది ఇత్తడిలోకి ఇంకి లోహాన్ని పెళుసు చేస్తుంది. కాబట్టి కళాయిని పూర్తిగా గీకి, రుద్ది తీసేశాకే కాల్చండి. ఎక్కడైనా మాటు వేసి ఉందేమో కూడా చూడండి. బూడిదరంగులో, గోటితో గీస్తే గీత పడేంత మెత్తగా ఉన్న అతుకు సీసం, తగరాలతో వేసిన మాటు. అది ముందే ఊడిపోతుంది. అలాంటి పాత్రను కాల్చాలంటే మాటు మొత్తం తీసి, పని అయ్యాక మళ్లీ వేయించుకోవాలి. పాత బిందెల్లో పళ్లు పళ్లుగా, కొంచెం లేతరంగులో కనిపించే అతుకు మాత్రం గట్టి ఇత్తడి అతుకే. మసక ఎరుపు దాటనంత వరకు దానికేమీ కాదు.

అంచును మరవకండి. చాలా పాత్రల అంచు ఇనుప తీగ చుట్టూ మడిచి ఉంటుంది. ఆ మడతలో నీళ్లు చేరి ఉంటే వేడికి ఆవిరై చిమ్ముతాయి. కాల్చబోయే ముందు ఒక రోజంతా ఎండలో బోర్లించి ఆరబెట్టండి. మన వేసవి ఎండ అయితే పూట చాలు.

కావలసిన సామాను పెద్దగా ఏమీ లేదు. గ్యాసుతో మండే టార్చ్ గానీ, చేత్తో తిప్పే బ్లోయర్ ఉన్న చిన్న కొలిమి గానీ సరిపోతుంది. కొలిమికి సర్కారు తుమ్మ బొగ్గు బాగుంటుంది, మన దగ్గర దానికి కొదవ లేదు. వంటింట్లో వాడే చిన్న లైటర్ టార్చ్ చెంబంత పాత్రను వేడెక్కించలేదు, దానితో ఆయాసపడకండి. పొడవైన పటకారు, కొయ్య సుత్తి, రెండు బకెట్ల నీళ్లు, పొడి ఇసుక, తోలు చేతి తొడుగులు, కళ్లకు అద్దాలు దగ్గర పెట్టుకోండి. నూలు బట్టలే వేసుకోండి, నైలాన్ వద్దు. చెంబు లోపలికి దూర్చడానికి ఒక వంపు తిరిగిన ఇనుప కడ్డీ కావాలి. వెల్డింగ్ దుకాణంలో అడిగితే వంచి, చివర గుండ్రంగా రుద్ది ఇస్తారు. ఆ చివర ఎంత నున్నగా ఉంటే పని అంత నున్నగా వస్తుంది. దాని మీద ఒక్క గాటు ఉన్నా చెంబు లోపల అచ్చు పడుతుంది.

ఎక్కడ కాల్చాలన్నది చాలామంది పట్టించుకోరు. మన ఇళ్లలో నేలకు నాపరాళ్లు పరిచి ఉంటాయి. వాటి మీద మంట పెట్టకండి. నాపరాయి పొరలుపొరలుగా ఉండే రాయి. వేడికి పొర లేచి టప్పున ఎగిరి ముఖాన తగులుతుంది. సిమెంటు నేల కూడా అంతే. మట్టి నేల మీద రెండు వరసల పొడి ఇటుకలు పేర్చి, వాటి మీద పని చేయండి. తడి ఇటుక అసలు వద్దు. చోటు గాలి ఆడేలా ఉండాలి, కానీ చీకటిగా ఉండాలి. పట్టపగలు ఎండలో ఇత్తడి ఎర్రబడటం కంటికి ఆనదు. ఎర్రబడలేదనుకుని ఇంకా కాలుస్తూ పోతారు. పొద్దు గుంకాక, వరండాలో దీపం ఆర్పి చేయడం ఉత్తమం.

ఇప్పుడు కాల్చండి. సొట్ట ఉన్న భాగం, దాని చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు చాలు. అంచును, అడుగును కాల్చకండి. అవి గట్టిగా ఉంటేనే పాత్ర నిలబడుతుంది. తూటా గొట్టాలకు కూడా మెడ భాగాన్నే మెత్తబరుస్తారు, పేలుడు ఒత్తిడిని మోసే అడుగు భాగాన్ని గట్టిగానే ఉంచుతారు. మంటను ఒకేచోట నిలపకండి. పేడతో అలికేటప్పుడు చెయ్యి ఎలా తిరుగుతుందో అలా సున్నాలు చుడుతూ తిప్పండి.

మొదట చెంబు మీది తడి, జిడ్డు పొగలా పోతాయి. తర్వాత పసుపు రంగు ముదిరి గోధుమరంగుకు, ఆపైన నల్లటి మసకకు మారుతుంది. ఇక్కడి నుంచి రెప్ప వేయకుండా చూడాలి. చీకట్లో, నలుపు వెనక నుంచి ఎరుపు కనీకనిపించకుండా లేస్తుంది. బూడిద కప్పిన నిప్పును పక్క చూపుతో చూసినట్టు ఉంటుంది. అదే సుమారు 500 నుంచి 550 డిగ్రీల వేడి. మంట తీసేయండి. మెత్తబడటానికి కొద్ది క్షణాలే చాలు, గంటల తరబడి కాల్చాల్సిన పని లేదు. ఆ మసక ఎరుపు సొట్ట చుట్టూ ఒకసారి అంతటా తిరిగితే పని అయిపోయింది.

ఎరుపు బాగా తేరుకుని, నారింజ వైపు పోతుంటే మీరు హద్దు దాటారు. ఈ రకం ఇత్తడి సుమారు 915 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. అంతకుముందే స్ఫటికాలు పెద్దవైపోతాయి. అలా కాలిన రేకును తర్వాత కొడితే పైతలం బత్తాయి తొక్కలా గరుకుగా తేలుతుంది. నా మొదటి చెంబు అలాగే పోయింది. ఎంత రుద్దినా ఆ గరుకు పోలేదు, చివరికి అదే చోట చిట్లింది. ఎక్కువ కాల్చినంత మాత్రాన ఎక్కువ మెత్తబడదు. మెత్తబడాల్సినంత ఆ మసక ఎరుపులోనే మెత్తబడిపోతుంది.

తెల్లటి పొగ లేస్తే వెంటనే మంట ఆపి పక్కకు జరగండి. అది జింక్ ఆవిరి. దాన్ని పీలిస్తే నోట్లో లోహపు రుచి తగిలి, కొన్ని గంటలకు చలిజ్వరం వస్తుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఊపిరి కష్టమైతే మాత్రం వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ఇంట్లో పిల్లలు ఉంటే ఈ పని వాళ్లకు దూరంగా చేయండి.

ఇక్కడే కరిగించిన ఉప్పు గురించి చెప్పాలి. ‘మంట బదులు కరిగిన ఉప్పులో ముంచి మెత్తబరచకూడదా?’ అని వీడియోలు చూసినవారు తప్పక అడుగుతారు. తూటా గొట్టాల మెడను 500 డిగ్రీలకు పైగా వేడెక్కిన కరిగిన లవణంలో కొద్ది సెకన్లు ముంచి తీసే పద్ధతి ఒకటుంది. అందులో వాడేది వంట ఉప్పు కాదు. వంట ఉప్పు కరగాలంటే 801 డిగ్రీలు కావాలి, ఇత్తడి అప్పటికే పాడవుతుంది. వాడేది పొటాషియం, సోడియం నైట్రేట్ల మిశ్రమం. సురేకారం అంటే అందులోని మొదటిదే. ఆ మిశ్రమం 220 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. ముంచినంత మేర ఒకే వేడి తగులుతుంది కాబట్టి పద్ధతిగా అది మంచిదే. కానీ ఇంట్లో చేయవద్దనే చెబుతాను. ఆ కుండలో ఒక్క నీటి చుక్క పడితే చాలు, అది క్షణంలో ఆవిరై కరిగిన లవణాన్ని చుట్టూ చిమ్ముతుంది. చెంబు మడతలో దాగిన తేమ చాలు దానికి. పైగా నైట్రేటు మంటను ఎగదోసే పదార్థం. బొగ్గు పొడి, నూనె గుడ్డ, చక్కెర లాంటివి అందులో పడితే ఒక్కసారిగా భగ్గుమంటుంది. చెంబంత పాత్ర మునగాలంటే ఎంత లవణం కరిగించాలో ఆలోచించండి. మంట, మన కళ్లు, కాస్త ఓపిక ఆ పని చక్కగా చేస్తాయి. తూటాల జోలికి కూడా ఇంట్లో వెళ్లకండి. ఆయుధాల చట్టం, 1959 ప్రకారం వాటికి లైసెన్సు ఉండాలి. పాత ఇత్తడి కుప్పలో తూటా లాంటిది కనిపిస్తే దాన్ని నిప్పు దగ్గరకు తేకండి, పోలీసులకు చెప్పండి.

మంట తీశాక ఎరుపు పూర్తిగా మాసిపోయేదాకా ఆగండి. ఉక్కును నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, ఈ ఇత్తడికి ఆ భయం లేదు. గాలికి వదిలేసినా, నీళ్లలో ముంచినా ఒకే మెత్తదనం. ముంచితే పైనున్న నల్లటి పొర కొంత రాలిపోతుంది, అదొక్కటే లాభం. ముంచేటప్పుడు చెంబు మూతి మీ వైపు ఉండకూడదు. లోపల పుట్టిన ఆవిరి మూతిలోంచే ఎగదన్నుతుంది. పటకారుతో పట్టి, మూతిని అవతలికి తిప్పి, పక్కవాటుగా నెమ్మదిగా దించండి. అనుమానం ఉంటే ముంచకండి, అరగంట ఆగితే అదే చల్లారుతుంది.

తర్వాత చింతపండు పని. లీటరు గోరువెచ్చని నీళ్లకు వంద గ్రాముల చింతపండు పిసికి, గుప్పెడు ఉప్పు వేసి, చెంబును అరగంట నానబెట్టండి. కొబ్బరి పీచుతో రుద్దితే నలుపు ఊడి పసుపు బయటపడుతుంది. ఆ పులుసు నీళ్లలోకి ఇనుప పటకారు గానీ, ఇనుప పీచు గానీ రానివ్వకండి. ఇనుము తగిలితే నీళ్లలో కరిగిన రాగి వచ్చి ఇత్తడి మీద గులాబీ రంగు మరకగా కూర్చుంటుంది. బాత్రూం కడిగే ఆసిడ్ కూడా వద్దు. అది పైపొరలోని జింక్‌ను తినేసి చెంబును ఎర్రబారుస్తుంది. కడిగిన వెంటనే పొడి గుడ్డతో తుడవండి. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, వాటంతట అవే ఆరితే తెల్లటి చారలు మిగులుతాయి.

ఇప్పుడు గోటితో మీటి, ఆ మొద్దు చప్పుడు వినండి. వినిపించకపోతే వేడి చాలలేదు, మళ్లీ కాల్చండి. వినిపిస్తే కడ్డీని కదలకుండా బిగించి, దాని గుండ్రటి చివర సొట్ట లోపలివైపు తగిలేలా చెంబును తొడగండి. తొందరపడి సుత్తి ఎత్తకండి. రెండు చేతులతో చెంబును కడ్డీ మీదికి నొక్కుతూ, కొద్దికొద్దిగా తిప్పండి. ముందుగా సొట్ట అంచు దగ్గర నొక్కి, చుట్టూ తిరుగుతూ లోపలికి రండి. నేరుగా నడుమ నొక్కితే అక్కడ మొటిమలా పైకి లేస్తుంది, దాన్ని దించడం ఇంకో తలనొప్పి. సగం సొట్ట చేతి బలానికే పోతుంది. మిగిలినదాన్ని పైనుంచి కొయ్య సుత్తితో, చిన్న చిన్న దెబ్బలతో సర్దండి.

కొడుతూ చెవి అక్కడే పెట్టండి. కాసేపటికి దెబ్బ చప్పుడు సన్నబడి, మోగడం మొదలవుతుంది. సుత్తి చేతిలో ఎగిరిపడుతుంది. లోహం మళ్లీ బిగుసుకుంది. ‘ఇంకో నాలుగు దెబ్బలేగా’ అనిపిస్తుంది. ఆ నాలుగు దెబ్బల్లోనే చీలిక వస్తుంది. ఆపి, మళ్లీ కాల్చండి. లోతైన సొట్టకు మూడు నాలుగు సార్లు కాల్చాల్సి రావచ్చు.

ఆకారం వచ్చాక చివరి వరస మాత్రం కాల్చకుండా కొట్టాలి. పూర్తిగా మెత్తగా వదిలేసిన చెంబు బావి గట్టుకు తగిలితే చాలు, మళ్లీ సొట్టపడుతుంది. నున్నటి సుత్తితో, దెబ్బ పక్కన దెబ్బ ఆనేలా, మెత్తబడిన భాగమంతా ఒకసారి తేలిగ్గా కొట్టుకుంటూ రండి. చెంబుకు మళ్లీ గట్టిదనం వస్తుంది. అయితే దాంతోపాటు లోపలి బిగువూ వస్తుంది. తూటాలను చీల్చిన బిగువు ఇదే. దాన్ని తీయడానికి తక్కువ వేడి చాలు. 250, 260 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే గట్టిదనం పోకుండా బిగువు సడలుతుంది. కేకులు చేసే విద్యుత్ ఓవెన్‌లో 250 దాకా వేడి పెట్టుకునే వీలుంటే, కడిగి ఆరబెట్టిన చెంబును అందులో పెట్టి, గంట తర్వాత ఓవెన్ ఆపేసి, అందులోనే చల్లారనివ్వండి. కళాయి, మాటు ఈ దశ తర్వాతే వేయించాలి. ముందే వేయిస్తే ఈ వేడికే కరిగిపోతాయి.

వంటకు వాడే పాత్రయితే కళాయి తప్పనిసరి. లేకపోతే చింతపండు పులుసు, మజ్జిగ అందులో చిలుమెక్కుతాయి. కళాయి వేసేవారు నవాసారం చల్లుతారు. దాని పొగలో కూడా అమ్మోనియా ఉంటుంది, కాబట్టి ఇంటికి తెచ్చాక చెంబును లోపలా బయటా రెండు మూడు నీళ్లతో కడిగి తుడవండి. ఇక పెట్టే చోటు. కొట్టంలో వద్దు, కోళ్ల గూటి పక్కన వద్దు, ఎరువుల సంచులు వేసే గదిలో అసలే వద్దు. యూరియా తేమ తగిలి కుళ్లినా అమ్మోనియానే వస్తుంది. ఇంట్లో, గాలి తగిలే అలమారలో, పొడిగా, మూతి పైకి పెట్టి ఉంచండి.

చీలిక వచ్చిన మా చెంబుకు మెడ దగ్గర ఇత్తడి అతుకు వేయించాను. అది ఇప్పుడు పూజ గదిలో ఉంది. నీళ్లు పోసి నిండు రాత్రి ఉంచినా కింద పీట తడవడం లేదు.